లేచిపోయేవాళ్ళకు దారి చూపిన స్వైలిమ్

మా అన్న స్వైలిమ్‌ని కడుపులో కాల్చి చంపారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే అతని గురించి మొదలుపెడితే ఎవరికైనా నవ్వొస్తుంది, నవ్వుకుంటూ వెళ్ళి చివర్లో ఆ గోతిలో పడడం నాకే ఇష్టం లేదు.

పోయేనాటికి అతనికి యాభై మూడేళ్ళు. చేతులు పొడుగు, నాలుక ఇంకా పొడుగు. కుర్రతనంలో సరిహద్దు దాటి సిగరెట్లు తెచ్చేవాడు. అవతలి సైనికులు పేల్చిన తూటా ఒకటి ఎడమ పిర్రలో ఉండిపోయింది. వాన మబ్బు పట్టకముందే నా పిర్ర చెప్పేస్తుందని పెద్దమనుషుల ముందు కూడా అనేవాడు. పెళ్ళాం తొలి కాన్పులోనే పోయింది. మళ్ళీ చేసుకోమని నేను పోరితే, "ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకే తీరిక లేదు, నాకెక్కడ కుదురుతుందే" అని తప్పించుకునేవాడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. మా ఎర్రకొండల మధ్య పరదేశీయుల పెళ్ళిళ్ళకు ఏర్పాట్లు చేయడమే అతని బతుకుతెరువు.

వాళ్ళు దాన్ని లేచిపోవడం అంటారు. మొట్టమొదటిసారి ఆ మాట విన్న రోజు అన్న నడుపుతున్న బండి ఆపేసి, వెనక కూర్చున్న పెళ్ళికూతుర్ని అడిగాడట: మిమ్మల్ని తరిమేది అన్నలా, బాబాయిలా, ఎన్ని బళ్ళున్నాయి వాళ్ళకి అని. ఆ పిల్ల తెల్లబోయిందట. తరమడానికి ఎవరూ లేరంది. పెళ్ళి గౌను వాళ్ళమ్మే దగ్గరుండి కుట్టించిందట. ఆ సాయంత్రం నా పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఫల్హా, వాళ్ళ లేచిపోవడం ఎట్లా ఉంటుందో తెలుసా? వెనకాల తుపాకీ ఉండదు, ముందు ఫొటోలవాడు ఉంటాడు."

"మరి దేన్నుంచి పారిపోతున్నట్టు?"

"చుట్టాలకి భోజనాలు పెట్టడం నుంచి."

నవ్వాడే గాని పని నవ్వులాటగా చేయలేదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందే రాతి వంతెన కిందికి వెళ్ళి ఇసుకలో కర్ర పాతేవాడు. ఏ ఘడియలో నీడ ఎక్కడ పడుతుందో గీతలు గీసుకునేవాడు. గాలి ఏ వైపు నుంచి లేస్తుందో చూసి పొయ్యి ఇటువైపు, తివాచీ అటువైపు అని నాకు చెప్పేవాడు. వంటా గోరింటాకూ నా వంతు. అన్నిటికన్నా విచిత్రం, అతను ఎడారిని ఊడ్చేవాడు. పెళ్ళివాళ్ళు నడిచే చోట టైర్ల జాడలు, మేకల జాడలు కనబడకూడదని ఖర్జూరమట్ట పట్టుకుని, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నున్నగా ఊడ్చేసేవాడు. ఊరంతా అతన్ని 'ఇసుక ఊడ్చే స్వైలిమ్' అని ఎగతాళి చేసేది. పట్టించుకునేవాడు కాదు.

ఫొటోల కోసం నల్ల గుడారం ఒకటి వేసేవాళ్ళు. మేకవెంట్రుకలతో దాన్ని నేసింది నేనే, రెండు చలికాలాలు పట్టింది. ఊళ్ళో సిమెంటు ఇళ్ళు కట్టుకున్నాక అది మూల పడి ఉంటే, పరదేశీయుల విడిది నడిపేవాడు బట్టలుతికే యంత్రం ఇచ్చి తీసుకున్నాడు. అమ్మేశానన్న బాధ నాకు లేదు. నా నడుముకి ఆ యంత్రమే ముద్దు.

ఇక ముజ్నా సంగతి. చనిపోయిన మా అక్క కూతురు అది. మా దగ్గర తండ్రి తమ్ముడి కొడుక్కి పిల్ల మీద మొదటి హక్కు. పెళ్ళి గుర్రం ఎక్కిన పిల్లని కూడా కిందికి దింపే హక్కు వాడికి ఉంది. ముజ్నా చిన్నాన్న కొడుకు జద్‌ఆన్, పిల్లకి పదిహేడేళ్ళప్పుడు పదిమందిలో 'ఇది నాది' అన్నాడు. అని ఊరుకున్నాడు. ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో పట్నం నుంచి వేరే పిల్లని తెచ్చుకుని ఇద్దరు బిడ్డల్ని కన్నాడు. ముజ్నాని మాత్రం వదలడు. తాను తినడు, ఒకరిని తిననివ్వడు. మా బావ, అంటే ముజ్నా తండ్రి, తమ్ముడి కొడుకు ముందు నోరెత్తే రకం కాదు.

నీళ్ళ ట్యాంకరు నడిపే ఫర్రాజ్ వేరే తెగవాడు. పద్ధతిగా పెద్దల్ని వెంటబెట్టుకుని మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి జద్‌ఆన్ అతని ట్యాంకరు అద్దాలు పగలగొట్టి, తిన్నగా ముజ్నా ఇంటికెళ్ళి, దాని కుడిచెయ్యి గడపమీద పెట్టించి తలుపు వేశాడు. రెండు వేళ్ళు విరిగాయి. తండ్రి పక్కగదిలోనే ఉన్నాడు.

ముజ్నా ఆ చేతికి గుడ్డ చుట్టుకుని మా ఇంటికొచ్చింది. అన్న దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విరిగిన వేళ్ళకి పుల్లలు ఆనించి కట్టాడు.

"మామా, ఈసారి తల పెట్టిస్తాడు" అంది అది.

"పెట్టనివ్వను. నువ్వు లేచిపోతున్నావు."

"ఎక్కడికి?"

"అదంతా నా పని. నేను ముప్పై ఒక్క జంటల్ని లేపాను. నా మేనకోడల్ని లేపలేనా?"

నాకు ఒళ్ళు మండింది. "పరదేశం పిల్లల్ని కేకు కోయించడానికి లేపావు నువ్వు. ఇది ప్రాణం" అన్నాను.

"అందుకే జాగ్రత్తగా చేస్తాను. నువ్వూ వెళ్తున్నావు వాళ్ళతో" అన్నాడు.

వెళ్ళాల్సిందే. లేచిపోయిన పిల్ల దారిలో మగవాడితో ఒంటరిగా దొరికితే అక్కడే చంపేస్తారు, ఎవరూ తప్పనరు. మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుని ఉండాలి, వాడి చెయ్యి దీనికి తగల్లేదని రేపు ప్రమాణం చేయడానికి. అట్లా వెళ్ళి ఎవరి గుడారంలోనైనా నడిమి గుంజ పట్టుకుంటే చాలు. ఇక ఆ ఇంటివాడి ముఖమే వాళ్ళకి కాపలా. ఆ ముఖం దాటి చెయ్యేసినవాడికి ఈ ఎడారిలో కాఫీ పోసేవాడుండడు. ఆ ఇల్లు పిల్ల తెగవాడిది కాకూడదు, పిల్లవాడి తెగవాడిది కాకూడదు. అన్న ఎంచుకున్నది ముసలి ముత్లఖ్ గుడారం. నల్లగుట్టకి అవతల, బండిమీద రెండు గంటలు. ఇప్పటికీ గుడారంలోనే బతికే మనిషి ఆయన. మీరు రండి, గొర్రెని కోసి పెడతానని కబురు పంపాడు.

పరదేశీయుల పెళ్ళి రోజే ముహూర్తం. పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టడానికి ముజ్నాని నాతో పంపమంటే మా బావ సరేనన్నాడు. ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నం వేళ, పెళ్ళికూతురు ముస్తాబయ్యే డేరా నుంచి నలభై అడుగుల దూరంలో, బండరాయి వెనక అన్న బండితో ఫర్రాజ్ కాచుకుని ఉన్నాడు. ముజ్నా, నేనూ నడిచి వెళ్ళి ఎక్కాం. వెనక్కి తిరిగి చూస్తే అన్న ఖర్జూరమట్ట పట్టుకుని మా అడుగుజాడలు ఊడ్చుకుంటూ వస్తున్నాడు. బండరాయి దాకా ఊడ్చి, నడుం పట్టుకుని నిలబడి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

మా వాళ్ళు జాడ చూసి మనిషి పేరు చెప్పగలరు. ముజ్నా కుడికాలు కొంచెం ఈడుస్తుంది, గుడ్డివాడికి కూడా తెలిసిపోయేది. అందుకే ఊడ్చాడు. కానీ బండరాయి వెనక ఎవరు ఫొటో తీయించుకుంటారు? ఫర్రాజ్ పొద్దుటినుంచి ట్యాంకరుతో బావి దగ్గర లేడేమని అనుమానపడి జద్‌ఆన్ విడిదికి వచ్చాడు. జాడలు కనబడినా, గోరింటాకు పెట్టడానికి వచ్చిన పిల్ల అటూ ఇటూ తిరిగిందనుకునేవాడేమో. నున్నగా ఊడ్చిన నలభై అడుగులు చూసి నిలబడిపోయాడు. ఎడారిని ఊడ్చేవాడు ఈ దేశం మొత్తంలో ఒక్కడే. పదేళ్ళ అలవాటు మా అన్న చేతిలోకి వచ్చి మమ్మల్ని పట్టిచ్చింది.

ఆ దిక్కున ముత్లఖ్ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదు. జద్‌ఆన్, అతని తమ్ముళ్ళిద్దరూ అడ్డదారిన రెండు జీపుల్లో వచ్చి మాకన్నా ముందే నల్లగుట్ట కనమ దగ్గర నిలబడ్డారు. దూరం నుంచి వాళ్ళని చూసి ఫర్రాజ్ బండి వెనక్కి తిప్పాడు. మొదటి తూటాకి వెనక అద్దం పోయింది. రెండోది ఫర్రాజ్ భుజంలోంచి వచ్చి ముందు అద్దానికి కన్నం పెట్టింది. అతని నెత్తురు నా మొహం మీద పడింది, వెచ్చగా. ఒక చేత్తోనే నడిపాడు. నేను మధ్యలో కూర్చుని అతని భుజానికి నా తలగుడ్డ అదిమిపెట్టి తిడుతూనే ఉన్నాను. ఎవర్ని తిట్టానో గుర్తులేదు, అందర్నీ తిట్టి ఉంటాను.

రాతి వంతెన కనబడేసరికి బండిలోంచి ఆవిరి లేచి ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. వంతెన కింద తెల్లగౌను పిల్లా, ఆమె వరుడూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఫొటోలవాడు మోకాళ్ళ మీద ఉన్నాడు. వాళ్ళ పక్కన నల్ల గుడారం. ముజ్నా దాన్ని చూడగానే దూకి పరిగెత్తింది. నేను అరిచాను, అది ఇల్లు కాదే అని. వినలేదు. వినదు కూడా. మా రక్తంలో పుట్టిన పిల్ల ఎవరైనా, వెనకాల తుపాకీ ఉండి ముందు నల్ల గుడారం కనబడితే అటే పరిగెడుతుంది. లోపలికెళ్ళి విరిగిన వేళ్ళతో నడిమి గుంజని కరుచుకుంది.

తమ్ముళ్ళు ఫర్రాజ్‌ని బండిలోంచి లాగి తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. పళ్ళు ఇసుకలో పడ్డాయి. పడిపోయినవాణ్ణి బూటుకాలితో పక్కటెముకల మీద తన్నారు, లెక్కలేనన్నిసార్లు. పరదేశం పిల్ల కేకలు పెడుతూ బండల వెనక్కి పోయింది. జద్‌ఆన్ తొందరేం లేకుండా నడుచుకుంటూ గుడారం ముందుకొచ్చాడు. గుమ్మంలో మా అన్న నిలబడి ఉన్నాడు.

"పక్కకి జరుగు స్వైలిమ్. పిల్ల నాది."

"పిల్ల గుంజ పట్టుకుంది. నా ముఖం మీద ఉంది. కాఫీ తాగి వెళ్ళు."

జద్‌ఆన్ నవ్వాడు. "ఏ ఇల్లు? దీనికి వెనక తెర ఉందా? ఆడవాళ్ళ గది ఉందా? ఇక్కడ ఎవడన్నా ఒక్క రాత్రి పడుకున్నాడా? ఇది ఫొటోల దుకాణం."

"నా ఇల్లే."

జద్‌ఆన్ నా వైపు తిరిగాడు. "ఫల్హా, నేసింది నువ్వేగా. నువ్వు చెప్పు. ఇది ఎవరిల్లు?"

మా దగ్గర గుడారం నేసిన ఆడదానిదే. 'నాది' అని ఒక్క మాట అంటే చాలు. అమ్మేశానని ఊరందరికీ తెలుసు, ఐనా అనుంటే వాడు ఒక్క క్షణం ఆగేవాడు. మగవాడి మాట కొట్టేస్తారు గాని ఇంటి ఆడదాని మాట కొట్టేయడానికి ఎవడికైనా జంకుంటుంది. నా నోరు పెకల్లేదు. జీవితమంతా గయ్యాళిననే పేరు మోసి, నోరు కావాల్సిన ఆ ఒక్క పూట మూగదాన్నయ్యాను.

అన్న నా మొహం చూశాడు. కోపగించుకోలేదు. లోపలికెళ్ళి పొయ్యి పక్కన కూర్చుని, రోలు ముందుకి లాక్కుని కాఫీ గింజలు దంచడం మొదలుపెట్టాడు. కాఫీ దంచే చప్పుడుంటే అది ఇల్లే, ఇంటివాడున్నట్టే. ఫొటోల కోసం పెట్టిన రోలది. గట్టిగా, కొండలు మారుమోగేలా దంచాడు. జద్‌ఆన్ ఆపమన్నాడు. దంచుతూనే ఉన్నాడు. ఆపమని రెండోసారి అన్నాడు. మూడోసారి అనలేదు.

రోకలి చేతిలోనే ఉంది. అన్న ముందుకి వంగి రోలు మీద పడ్డాడు. చప్పుడు ఆగిపోయేసరికి జద్‌ఆన్‌కి తను ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది. మొహం పాలిపోయింది. తుపాకీ పట్టుకునే జీపు దగ్గరికి పరిగెత్తాడు. తమ్ముళ్ళు ముజ్నాని గుంజ నుంచి జుట్టు పట్టి ఊడబెరికి, ఈడ్చుకుపోయి రెండో జీపులో పడేశారు. నేను ఒకడి చెయ్యి కొరికాను, కండ నోట్లోకొచ్చింది. వాడు కొట్టిన దెబ్బకి నా ఎడమ చెవి ఇప్పటికీ వినబడదు.

అన్న తల ఒళ్ళో పెట్టుకున్నాను. పరదేశీయుల కోసం పరిచిన తివాచీ తడిసిపోయింది.

"ఫల్హా, నా నెత్తురికి ప్రాణం అడక్కు."

"అడుగుతాను. వాణ్ణి, వాడి తమ్ముళ్ళని, వాళ్ళ మేకల్ని కూడా వదలను."

"పిల్లని అడుగు. ఇప్పుడు వాళ్ళు నీకివ్వాల్సిందే." మళ్ళీ, "నలభై అడుగులూ బాగానే ఊడ్చానే" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

మా చట్టంలో హత్య జరిగాక మూడు రోజుల మీద ఒక పూట నెత్తురు మరుగుతుంది. ఆలోగా మేం ఏం చేసినా అడగరు. మేం చేశాం. మా చిన్నాన్న కొడుకులు పదకొండుమంది తుపాకులతో వచ్చారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండాలన్నారు, నేను వినలేదు. జద్‌ఆన్ ఇంటిమీద కిరోసిన్ పోసింది నేనే. అతని ఒంటెల్లో ఆరింటి గొంతు కోశారు మావాళ్ళు, ఏడోదాన్ని నేను కోశాను. చూలు ఒంటె అది. దాని కళ్ళు చూస్తూ కోశాను. చల్లబడతాననుకున్నాను. చల్లబడలేదు.

జద్‌ఆన్ మాత్రం దొరకలేదు. ఎక్కడున్నాడంటే, ముత్లఖ్ గుడారంలో. కాల్చిన ఘడియ నుంచి వాడికీ ఒక నడిమి గుంజ కావలసి వచ్చింది మరి. మేం చేరలేకపోయిన ఇంటికి వాడు చేరాడు. ముజ్నా కోసం కోసిన గొర్రె మాంసం వాడే తిన్నాడు. ముత్లఖ్ భార్య ఆ మాట నాతో చెప్పి ఏడ్చింది. ఇంటికొచ్చినవాడికి పెట్టకుండా ఎట్లా ఉంటామమ్మా అంది.

ముజ్నాని జద్‌ఆన్ తమ్ముళ్ళు తమ గొడ్లచావడిలో కట్టేసి ఉంచారు. జద్‌ఆన్ తల్లి నాకు కబురు పంపింది: నా కొడుకు పోయిన రోజే ఆ పిల్లా పోతుంది, ఇదంతా దానివల్లే కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం ముత్లఖ్ ఇంటికి వెళ్ళాను. అన్నకి కొడుకుల్లేరు, నెత్తురు నాది. మావాళ్ళు బయట బళ్ళ దగ్గర నిలబడ్డారు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి కాకుండా మగవాళ్ళ వైపు నుంచే లోపలికి నడిచాను. అన్న కత్తి నా నడుములో ఉంది. జద్‌ఆన్ గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు ముత్లఖ్. "నీకేం కావాలో చెప్పు. ప్రాణం కావాలంటే ఇక్కడ ఇవ్వను. కానీ వీణ్ణి రేపు పొద్దున పంపించేస్తాను, తర్వాత మీ ఇష్టం. ఇంకేదన్నా కావాలంటే ఇక్కడే ఇప్పిస్తాను."

ప్రాణం అని నోటిదాకా వచ్చింది. నాలుగు రోజులుగా నిద్రలేకుండా ఆ మాట కోసమే బతికి ఉన్నాను. రోలుమీద వంగిన అన్న వీపు కళ్ళముందు నుంచి పోలేదు. బయట పదకొండు తుపాకులు నా మాట కోసం కాచుకుని ఉన్నాయి. గుడారం ముందు నోరు పెకలని మనిషిని, ఇప్పుడు ఎంత పెద్ద మాటైనా అనగలను.

"పిల్లని వదలమను" అన్నాను.

"వదిలాను" అన్నాడు జద్‌ఆన్ నేల చూస్తూ.

"నన్ను చూసి చెప్పు. పేరు పెట్టి చెప్పు."

"ముజ్నా మీద నాకే హక్కూ లేదు. నాకూ లేదు, నా తమ్ముళ్ళకీ లేదు. ముత్లఖ్ ముఖం సాక్షి."

రాజీ కుదిరితే చంపినవాడే కాఫీ పోయాలి, చచ్చినవాడి మనిషి తాగాలి. తాగితేనే మాట నిలుస్తుంది. తాగకపోతే చెప్పినదంతా గాలికి పోతుంది. ఆ సాయంత్రానికి పిల్ల గొంతు కోస్తారు. జద్‌ఆన్ కూజా ఎత్తి కప్పులో పోసి నాకు అందించాడు. మా అన్నని కాల్చిన కుడిచెయ్యే అది. వేళ్ళు చూశాను. కప్పు అందుకున్నాను.

ముజ్నాకి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. ఫర్రాజ్ పెట్టుడు పళ్ళతో నవ్వుతాడు. వాళ్ళింటికి వెళ్తే నన్ను తల్లిలా చూసుకుంటారు. అన్న చెప్పినట్టే చేశావు, ఎంత గొప్ప గుండె పిన్నీ నీది అంటుంది ముజ్నా. దానికి చెప్పని మాట ఒకటుంది. ఆ నాలుగు రోజులూ నేను ఏమీ తినలేదు, గుక్కెడు నీళ్ళతోనే ఉన్నాను. గొంతు ఎండి అట్టకట్టుకుపోయింది. వాడు పోసిన కాఫీ వేడిగా, యాలకుల వాసనతో, కమ్మగా ఉంది. ఒక్క గుక్కలో తాగేసి, ఇంకొంచెం పొయ్యమని కప్పు ముందుకి చాపాను.